తొట్టెల కట్టే చోటు

సక్కుబాయి చీపురును బెంచీ కిందికి దూర్చి గట్టిగా లాగేసరికి పల్లీల పొట్టు, బీడీ ముక్కలు, సగం కొరికిన జామకాయ, వాటి వెనకాలే ఒక చిన్నపిల్లవాడి చెప్పు బయటికి వచ్చాయి. పొట్టును గంపలోకి ఎత్తింది. చెప్పును మాత్రం చేతిలోకి తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టింది. పారేయడానికి చేతులు రాలేదు. ఆ పిల్లవాడు ఏ స్టేషన్లోనో ఒంటి చెప్పుతో దిగి తల్లి చేత తిట్లు తిని ఉంటాడు.

"ఏందే సక్కూ, చెప్పుల దుకాణం పెడుతవా?" అని రైలు డబ్బా రెండో చివర నుంచి ఐలవ్వ అరిచింది.

"ఒక్కటే దొరికింది. ఇంకోటి దొరకనియ్యి, పెడుత."

"పెట్టు పెట్టు. ఒంటికాలోళ్ళు కొంటరు."

ఐలవ్వ వయసులో పెద్దది, ఆ పనిలోనూ పెద్దది. దవడలో ఎప్పుడూ తంబాకు ఉండటం వల్ల ఆమె మాట కొంచెం ఉబ్బినట్టు వినిపించేది. సక్కుబాయి పొట్టి మనిషి. కచ్చె పోసి కట్టిన ముదురాకుపచ్చ చీర, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, నేల మీద మోకాళ్ళూని తుడిచి తుడిచి నల్లగా కాయలు కాసిన మోకాళ్ళు. ఫినాయిల్ నీళ్ళలో నానిన వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా, ముడతలు పడి ఉండేవి. ఇంట్లో పసి మనుమరాలిని ఎత్తుకునే ముందు ఆ చేతుల్ని బూడిదతో రెండుసార్లు కడుక్కునేది. అయినా వాసన పోయినట్టు అనిపించక కొంగు చుట్టుకుని ఎత్తుకునేది.

బెల్లంపల్లి యార్డులో వాళ్ళిద్దరి రోజు ఆ డబ్బాతోనే మొదలయ్యేది. పొద్దున్నే నాగపూర్ నుంచి వచ్చే పెద్ద బండి దాన్ని ఇక్కడ విడిచి దక్షిణం వైపు పోయేది. యార్డు ఇంజను దాన్ని మెల్లగా నెట్టుకొచ్చి బొగ్గు వ్యాగన్ల పక్కన నిలబెట్టేది. పగలంతా అక్కడే ఎండకు కాగి, సాయంత్రం ఇంకో పెద్ద బండి తోకకు తగులుకుని మళ్ళీ నాగపూర్ పోయేది. డబ్బాలో సగం కూర్చునే వాళ్ళది, సగం పడుకునే వాళ్ళది. మధ్యలో ఒక తలుపు.

ఆ తలుపుకు ఇటొకటి, అటొకటి, రెండు లోకాలు. కూర్చునే సగంలో చెక్క వీపుల మీద నూనె మరకలు ఉండేవి. రాత్రంతా తలలు వాలి వాలి, ఒక్కచోటే రాసుకుని, ఒక్కో మరకా సర్వపిండి అంత గుండ్రంగా నల్లబడింది. ఎంత సోడా వేసి రుద్దినా పోయేవి కావు. కింద చెత్త గంపలకు గంపలు. పడుకునే సగంలో చెత్త తక్కువ. ఓ జడపిన్ను, ఊడిన గుండీ, పై పలక మీద మరిచిపోయిన తువ్వాల. కూర్చున్న వాళ్ళు తింటారు, కొట్లాడుకుంటారు, మళ్ళీ కలిసి తింటారు. పడుకున్న వాళ్ళు తెల్లారేదాకా ఎవరికీ ఏమీ కారు.

ఈ సాయంత్రం ఇదే డబ్బాలో సక్కుబాయి కూతురు రుక్క, రెండు నెలలు దాటిన పసిపిల్లను ఎత్తుకుని భిలాయి పోతుంది. అల్లుడు అంబదాసు అక్కడి ఉక్కు కార్ఖానాలో పని చేస్తాడు. నాగపూర్‌లో దిగి ఇంకో బండి ఎక్కాలి. ఒక రాత్రి మొత్తం ఈ డబ్బాలో గడవాలి. ఆ రాత్రి పాపను ఎక్కడ పడుకోబెట్టాలన్నదే నిన్నటి నుంచీ సక్కుబాయిని వదలని ఆలోచన.

అల్లుడు పడుకునే సగంలో రెండు పలకలు ఖాయం చేయించుకుని వచ్చాడు. ఒకటి కింద, ఒకటి పైన. నిన్న ఆ సంగతి విన్నప్పటి నుంచి సక్కుబాయి కూతురి వెంట పడింది.

"కూసొనే పోరాదా బిడ్డా? కూసునే దాంట్లకు మార్పియ్యమను."

"పాలిచ్చేదాన్ని. రాత్రంత కూసుంటె నడుము ఇరుగదా అవ్వా?"

"పండుకుంటె నిద్ర వస్తది."

"వస్తె ఏమాయె? నిద్ర రావాలెనే పండుకుంటరు గద!"

సక్కుబాయి దగ్గర ఉన్న జవాబు కూతురికి చెప్పేది కాదు.

రుక్క పుట్టడానికి ముందు ఒక కొడుకు ఉండేవాడు. రజాకార్ల కాలంలో ఆసిఫాబాద్ పక్క ఊర్లోంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని సరిహద్దు దాటి చాందాకు పారిపోయారు. సక్కుబాయి, మొగుడు లచ్చయ్య కూడా స్టేషన్‌కు నడిచి వచ్చి దొరికిన డబ్బాలో ఎక్కారు. లోపల కాలు పెట్టే సందు లేదు. ఆమె తలుపు పక్కన నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒడిలో మూడు నెలల పిల్లవాడు. అటు మూటలు, ఇటు మనుషులు. రెండు రాత్రుల నుంచి కన్ను మూయని మనిషి కూర్చున్నచోటే నిద్రపోయింది. బల్లార్షాలో ఎవరో కుదిపి లేపితే లేచింది. పిల్లవాడి ముఖం ఆమె రొమ్ములోకి ఒదిగి ఉంది. చల్లగా ఉంది. లచ్చయ్య పట్టాల అవతల, వార్ధా నది ఒడ్డున, చేతులతోనే గుంత తవ్వాడు.

ఆ ముచ్చట రుక్కకు తెలియదు. ఐలవ్వకు తెలియదు. లచ్చయ్యకు తెలుసు గాని ఇద్దరూ ఎన్నడూ దాన్ని నోటి మీదికి తెచ్చుకోలేదు. రోజూ ఈ డబ్బా తుడిచేటప్పుడు మాత్రం సక్కుబాయికి ఒక్కటే అడగబుద్ధయ్యేది, ఎవరిని అడగాలో తెలిసేది కాదు. కూర్చున్నందుకు పోయాడా, నిద్రపోయినందుకు పోయాడా? పడుకునే చోటుంటే బతికేవాడా? పడుకుంటే నిద్రలో తను మీద ఒరిగితే చచ్చేవాడా?

"ఏందే, బెంచీతోని ముచ్చట పెడుతున్నవా? రుద్దు!" అని ఐలవ్వ అనేసరికి మళ్ళీ గుడ్డ నీళ్ళలో ముంచింది.

పొద్దెక్కిన తర్వాత వాళ్ళ పని చూసే జమేదారు హనుమండ్లు పట్టాలు దాటుకుంటూ వచ్చాడు. ఖాకీ కోటు, చంకలో గొడుగు. ఆయన కోపంగా ఉన్నాడో లేదో చెప్పడం కష్టం. ఎప్పుడూ ఒకే గొంతు.

"పెద్దసాబ్ సెలూన్ వచ్చింది. మీరిద్దరు పోయి జర అద్దాలు తుడువుండ్రి. బూట్లతోని పోవద్దు."

"మాకు బూట్లేడియి జమేదారూ?" అంది ఐలవ్వ.

"లేవు గద, అందుకే మిమ్ములనే పంపుతున్న."

సెలూన్ అంటే తనిఖీకి వచ్చే అధికారి కోసం ఉండే డబ్బా. అది ఎవరి బండితోనూ కలవకుండా, గూడ్సు షెడ్డు దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. సక్కుబాయి ఇదివరకు దాన్ని బయటి నుంచే చూసింది. మెట్లెక్కి లోపలికి తల పెట్టగానే కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

ముందు భాగమంతా ఒక బైఠక్. మూడు వైపులా అద్దాలు. కింద ఎర్ర తివాచీ. గోడల వెంబడి తోలు సోఫాలు, మధ్యలో పొట్టి బల్ల, బల్ల మీద గాజు గిన్నెలో వక్కలు. ఆ బైఠక్ వెనక చిన్న పడకగది. అందులో నిజమైన మంచం, పరుపు, తెల్ల దుప్పటి. పక్కనే వంటకు ఒక మూల.

సక్కుబాయి నోటి మీద కొంగు పెట్టుకుంది. బైఠక్ ఆమె ఇంటి కంటే పెద్దది. పడకగది మాత్రం మంచం పట్టేంత ఇరుకు.

"చూసినవా, కూసునేతందుకు గింత జాగ, పండేతందుకు గంతేనా," అంది.

"సాబులు రాత్రంత కూసొని ముచ్చట పెడుతరు కావచ్చు," అంటూ ఐలవ్వ సోఫా మీద మెల్లగా కూర్చుంది. తోలు ఉస్సుమని కిందికి దిగిపోయింది. ఆమె మోకాళ్ళు గడ్డం దాకా లేచాయి. "అవ్వో! లేసుడెట్లనే గిండ్లకెల్లి? చెయ్యియ్యవే, జమేదారు చూస్తె గీడనే పాతిపెడుతడు!"

సక్కుబాయి నవ్వుతూ చెయ్యి ఇచ్చి లాగింది. నవ్వుతూనే తల ఎత్తి పైకి చూసింది. నున్నగా రంగు వేసిన చెక్క కప్పు. మధ్యలో ఇత్తడి పంకా. గోడలకు ఇత్తడి దీపాలు. ఆమె చూపు ఆ మూల నుంచి ఈ మూలకు పోయి వచ్చింది.

"మీదికేం చూస్తున్నవే?"

"తొట్టెల కట్టే జాగ ఉన్నదా అని."

ఐలవ్వ నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. తంబాకు గొంతుకు అడ్డం పడి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "దొరసాని గిండ్ల తొట్టెల కడుతదా? ఉద్యోగం పోతది దొరకు!"

"ఏం, దొరసాని పిల్లల కనదా?"

"కంటది. ఎత్తుకునేతందుకు ఆయమ్మను పెట్టుకుంటది."

ఇంత పెద్ద గదిలో, ఇన్ని మెత్తల మధ్య, ఒక పసిపిల్లను వేలాడదీయడానికి ఒక్క కొంకి లేదు. సక్కుబాయి అద్దాలు తుడుస్తూ దాని గురించే అనుకుంది. ఇంట్లో పాప తొట్టెలలో తప్ప పడుకోదు. దూలానికి కట్టిన పాత చీర, అందులో ముడుచుకున్న గుడ్డల మూట, పక్కన కూర్చుని కాలితో తాడు లాగే రుక్క. తొట్టెలలో ఉన్న పిల్ల మీద ఎవరూ పడరు. ఒడిలో నలగదు. తల్లి నిద్రపోయినా తొట్టెలకు ఏమీ కాదు. ఈ మాట నిన్న ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు. నిన్నటి నుంచి కూర్చోవాలా పడుకోవాలా అని కొట్టుకుంటూ ఉంది, రెండూ కాని మూడోది ఇంట్లోనే ఊగుతుంటే.

అద్దాలు త్వరగా తుడిచేసి, ఐలవ్వ పిలుస్తున్నా వినకుండా, తన డబ్బాకు నడిచింది.

పడుకునే సగంలో ఇంకా తుడవడం మొదలు కాలేదు. కింది పలకల మీద బొగ్గు దుమ్ము సన్నగా పరుచుకుని ఉంది. పై పలకను గోడకు పట్టి ఉంచే ఇనుప చట్రం, దాని కింద వంపు తిరిగిన కొంకి. రోజూ గుడ్డతో తుడిచే కొంకే. ఇవాళ దాన్ని మొదటిసారి చూసినట్టు వేళ్ళతో తడిమింది. ఎదురుగా ఇంకో పలకకు ఇంకో కొంకి. రెండింటి మధ్య బారెడు దూరం.

మూడో అరలో, ఆ కొంకికి ఒక గుడ్డపేలిక ముడివేసి ఉంది. పసుపు పచ్చ మీద ఎర్ర చుక్కల చీర. ముడి బిగుసుకుపోయి, దిగే తొందరలో విప్పడం కుదరక, ఎవరో చింపి తీసుకుపోయారు. సక్కుబాయి ఆ ముడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పాల వాసన, ఆముదం వాసన. రాత్రి ఇక్కడ ఒక పిల్ల ఊగింది. పొద్దున ఆ తల్లి చీర చింపుకుని, పిల్లను ఎత్తుకుని, దిగిపోయింది. ఏమీ కాలేదు.

ఆమె చెయ్యి తలగుడ్డ మీదికి పోయింది.

ఐలవ్వ వచ్చేసరికి సక్కుబాయి తన తలగుడ్డను రెండు కొంకులకు కట్టి, అందులో నీళ్ళు నిండిన బకెట్ పెట్టి ఊపుతూ ఉంది.

"పిచ్చి లేసిందా?"

"చూడు, చుక్క పడుతలేదు."

ఐలవ్వ తనూ ఒక చెయ్యి వేసి, బకెట్‌కు జోకొట్టి, ఉబ్బిన గొంతుతో జోల కూడా అందుకుంది. ఇద్దరూ అలా బకెట్‌ను నిద్రపుచ్చుతుండగా హనుమండ్లు తలుపులో నిలబడ్డాడు.

"నిద్ర పోయిందా మీ బకెట్?"

సక్కుబాయి గబగబా ముడి విప్పింది. ఆయన కాసేపు గొడుగు కొసతో నేల మీద గీత గీశాడు. "సెలూన్ అద్దాలు మంచిగ తుడిచిండ్రు," అన్నాడు. "ఇయ్యాల నీ బిడ్డ పోతుందట గద. గిండ్ల పని కానిచ్చి జల్దీ పో."

పడుకునే సగాన్ని ఆమె ఆ రోజు తుడిచినట్టు ఎన్నడూ తుడవలేదు. కొంకులను చింతపండుతో తోమింది. పలకలను రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో ఆరబెట్టింది. కిటికీల పైన బార్లా పోయే ఇనుప గొట్టాన్ని, దాని మధ్య బయటికి కనిపించే గొలుసును, లాగకుండా జాగ్రత్తగా, కిరసనాయిల్ గుడ్డతో తుడిచింది.

ఇంటికి పోయాక కూతురికి చెప్పింది. మెత్తబడ్డ తన పాత చీర ఒకటి మడిచి సంచి మీద పెట్టింది. "మీది పలకను పట్టుకున్న ఇనుము ఉంటది చూడు, దానికి కొంకి ఉంటది. గటొకటి గిటొకటి. గా రెంటికి కట్టాలె. బకెట్ ఏసి చూసిన. నువ్వు కింద పండుకో. చెయ్యి తొట్టెల మీద ఉంచు. నిద్ర వచ్చినా ఫికర్ లేదు."

రుక్క పాలిస్తూ తల ఊపింది. ఎంత విన్నదో ఏమో. "నిన్న కూసొని పొమ్మంటివి, ఇయ్యాల పండుకొమ్మంటున్నవు. నీ పరేషాన్ల నేను సచ్చేతట్టున్న అవ్వా," అంది నవ్వుతూ.

లచ్చయ్య రెండో షిఫ్టుకు బొగ్గు బావికి పోతూ పాప అరికాలును బొటనవేలితో నిమిరి బయలుదేరాడు. గుమ్మం దాటాక ఒకసారి ఆగాడు. సక్కుబాయి ఆయన వైపు చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపింది. ఆయన నడిచాడు.

సాయంత్రం ఎండ ఎర్రబడేసరికి ముగ్గురూ స్టేషన్‌లో ఉన్నారు. అంబదాసు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నెమ్మదైన పిల్లవాడు. పెళ్ళయి రెండేళ్ళవుతున్నా సక్కుబాయి అతనితో ఎదురుగా ఒక్క మాట మాట్లాడింది లేదు. వాళ్ళలో అత్త అల్లుడి ముఖం చూసి మాట్లాడదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, కూతురికో గోడకో చెప్పినట్టు చెబుతుంది. అతనూ గోడతోనే జవాబు చెబుతాడు.

పెద్ద బండి వచ్చింది. డబ్బా తగిలించారు. ధడేలుమని ఒక కుదుపు. జనం ఎక్కారు. సక్కుబాయి ముందే లోపలికి పోయి, రుక్కను కిటికీ పక్క పలక మీద కూర్చోబెట్టి, సంచి కిందికి తోసి, పాత చీర తీసి విప్పింది. అంతలో అంబదాసు పెట్టె పట్టుకుని ఆ అరలోకి వచ్చాడు. రెండు పలకల మధ్య సందు ఇద్దరు నిలబడేంత కూడా లేదు. అత్తా అల్లుడూ ఒకరిని ఒకరు రాసుకోకుండా నిలబడటం అక్కడ కాని పని. సక్కుబాయి కొంగు ముఖం మీదికి లాక్కుని, చీరను కూతురి ఒడిలో పడేసి, పక్కకు ఒదిగి, దిగిపోయింది.

ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ కడ్డీలు పట్టుకుంది. "రుక్కా, జర కట్టుమని చెప్పు. చెప్పినవా? కొంకికి."

"చెప్పిన అవ్వా. కడుతున్నడు."

లోపల ఆమెకు అల్లుడి మోచేతులు, చీర కొంగు ఒక కొస మాత్రం కనిపించాయి. రుక్క వీపు అటు తిప్పి పాపను గుడ్డల్లో చుడుతూ ఉంది. అంబదాసు ఒకవైపు కొంకికి కట్టాడు. రెండోవైపు కొంకి మీద ఎవరిదో పరుపు చుట్ట వేలాడుతుంటే, దానికి కాస్త పైన, కిటికీ మీదుగా పోతున్న ఇనుప గొలుసు గట్టిగా కనిపించింది. కార్ఖానాలో గొలుసులతో పని చేసేవాడు. చీరను దానికి చుట్టి, రెండు ముళ్ళు వేసి, లాగి చూడబోయి, పాప ఏడుపు విని వదిలేశాడు.

గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. అంబదాసు పాపను తొట్టెలలో పెట్టి, తండ్రి కదా, మురిపెంగా ఒక్క ఊపు ఊపాడు.

తొట్టెల జానెడు కిందికి జారింది. ఎక్కడో ఉస్సుమని గాలి పీల్చిన చప్పుడు. బండి ముక్కి, మూలిగి, నాలుగు అడుగులు పోయి ఆగిపోయింది. లోపల మనుషులు ఒకరి మీద ఒకరు తూలారు. రుక్క కెవ్వుమని రెండు చేతులూ తొట్టెల కింద పెట్టింది.

సక్కుబాయికి అప్పుడు కనిపించింది, చీర కొస ఎక్కడికి పోయి ముగిసిందో. రోజూ కిరసనాయిల్‌తో తుడిచే గొలుసు. ఆపద వస్తే బండిని ఆపే గొలుసు. దానికి కట్టొద్దని చెప్పాలని ఆమెకు తోచనే లేదు. ఆ గొలుసుకు ఎవరైనా కడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"అంబదాసూ!"

ప్లాట్‌ఫారం అంతా ఆమె వైపు తిరిగింది. కొంగు భుజాల మీదికి జారిపోయింది.

"గది గొలుసయ్యా! బండాపే గొలుసు! పోరిని తియ్యి! తియ్యి ముందుగాల!"

అల్లుడి పేరు పెట్టి అరిచానన్న సంగతి మెట్లెక్కుతుండగా తెలిసింది. ఆగలేదు. జనాన్ని తోసుకుని, అతన్నీ తోసుకుని, అరలోకి దూరింది. పాప రుక్క చేతుల్లో ఉంది. కళ్ళు తెరిచి, ఇదంతా ఎందుకన్నట్టు చూస్తూ ఉంది. ఏడవను కూడా లేదు. సక్కుబాయి చూపుడువేలు వంచి పాప ముక్కు కింద పెట్టింది. వెచ్చటి గాలి వేలికి తగిలింది. ఇంకోసారి తగిలింది. ఇంకోసారి తగిలాక గాని వేలు తీయలేదు.

"నాకు తెల్వలే అత్తమ్మా," అన్నాడు అంబదాసు. ముఖం పాలిపోయి ఉంది. చేతులు రెండూ కట్టుకుని, గోడకు కాకుండా ఆమెకే చెప్పాడు.

"నేనే చెప్పలే నాయినా," అంది సక్కుబాయి, ఆమె కూడా అతనికే. "గా పరుపు చుట్ట పక్కకు పెట్టు. గది పట్టుకో. గట్ల."

గొలుసు మీది ముడి విప్పి, కొంకికి చుట్టి, మెలివేసి, తన బరువంతా వేసి లాగింది. పాపను అందులో పెట్టి అంచు సర్దింది. ఒక చిన్న ఊపు. తొట్టెల అటుపోయి ఇటువచ్చింది. ఎక్కడా జారలేదు.

అప్పటికి గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని వగరుస్తూ వచ్చాడు. వెనక హనుమండ్లు గొడుగుతో.

"గొలుసు ఎవరు లాగింది? ఎవరు?"

అంబదాసు నోరు తెరిచాడు. సక్కుబాయి అడ్డం వచ్చింది. "గీ పోరి లాగింది సాబ్."

గార్డు వంగి తొట్టెలలోకి చూశాడు. అతని మీసాలు చూసి పాప కాళ్ళు ఆడించింది. పక్క అరల వాళ్ళు తొంగి చూసి నవ్వడం మొదలుపెట్టారు.

"టికెట్ లేనోళ్ళ మీద జుర్మానా ఎట్ల రాయాలె?" అని గార్డు హనుమండ్లును అడిగాడు.

"ఎక్కింది మా సక్కుబాయి మనుమరాలు సాబ్. తిడితె నేను తిడుత, మీరు పోనియ్యుండ్రి," అన్నాడు హనుమండ్లు, ఎప్పటి గొంతుతోనే. బయటికి పోయి, గొలుసు లాగితే తిరిగే డబ్బా చివరి ఇనుప పళ్ళేన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టించాడు.

సక్కుబాయి దిగింది. దిగేటప్పుడు అంబదాసు దారి ఇస్తూ, "నేను మీద పండుకోను అత్తమ్మా. రాత్రంత గీడనే కూసుంట," అన్నాడు.

"కూసో. నిద్ర వస్తె పండుకో," అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే వింతగా తోచింది.

కిటికీలోంచి చూస్తే తొట్టెల అంచు కనిపిస్తూ ఉంది. చీర మడతలోంచి ఒక చిన్న పిడికిలి పైకి లేచి, మళ్ళీ లోపలికి పోయింది. రుక్క నవ్వుతూ, ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ ఉంది. అంతలో తొట్టెలలో చెయ్యి పెట్టి, "ఓయవ్వో!" అని, గబగబా ఒక పొత్తిగుడ్డ లాగి, పొడిది వేసి, తడిసింది కడ్డీల సందులోంచి బయటికి చాచింది.

"అవ్వా, గిది జర పిండియ్యి."

సక్కుబాయి అందుకుంది. పిండడానికి రెండు అడుగులు పక్కకు జరిగింది. ఈల వినిపించింది. ఈసారి బండి ఆగకుండా కదిలింది. ఆమె తిరిగి చూసేసరికి కిటికీ దాటిపోయింది. రుక్క చెయ్యి ఊపుతూ ఏదో అరిచింది. పోనీ, అన్నట్టు సక్కుబాయి కూడా చెయ్యి ఊపింది. చివరి డబ్బా ఎర్ర దీపం సిగ్నల్ స్తంభం దాటి, బొగ్గు పొగలో కలిసిపోయింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఐలవ్వ ఎక్కడి నుంచో వచ్చి, "పోయిండ్రా?" అంది.

"పోయిండ్రు."

"పండుకోనేనా?"

"పండుకోనే," అంది సక్కుబాయి. చేతిలో ఉండిపోయిన గుడ్డను అప్పుడు పిండింది.

నీళ్ళు ఆమె ముంజేతి మీదుగా మోచేతి దాకా కారాయి. పిడికిట్లో పొత్తిగుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.